ఒక మిర్చి కథ, ఆరు ప్రతులు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ చుట్టూ అల్లిన నా కథ ఒకటి మొదటి ప్రతిలో 3,400 పదాలున్నది. పత్రికకు పోయిన ప్రతిలో 2,250. నడుమ పదకొండు వారాలు, ఆరు ప్రతులు. ఆ పదకొండు వారాలలో ఏ వరుసలో ఏ పని చేసిందీ, వరుస తప్పిన చోట ఏం పాడైందీ రాస్తున్న. కథ సంగతి రెండు ముక్కల్లో: పరకాల దిక్కు ఊరి నుంచి రైతు ఇరవై రెండు బస్తాల ఎండు మిర్చి వేసుకొని రాత్రికే యార్డు చేరుకుంటడు. తెల్లారి జెండా పాటలో, అంటే యార్డులో ఆ రోజు ధర తేల్చే వేలంలో, ధర పడిపోతది. పొద్దూకేలోపు అమ్ముడా, కోల్డ్ స్టోరేజీలో పెట్టుడా తేల్చుకోవాలె. పొద్దుగాల బస్సులో వచ్చే భార్య, హన్మకొండలో డిగ్రీ చదివే బిడ్డ, అడ్తి (రైతు సరుకు అమ్మిపెట్టే కమిషన్) దుకాణం గుమస్తా మిగిలిన మనుషులు.

ముందు వరుస గురించి. మొదటి ప్రతి పూర్తయిన మర్నాడే రాత్రి యార్డును వర్ణించే పేరా పట్టుకొని రెండు సాయంత్రాలు చెక్కిన. ఘాటుకు దగ్గు, ట్యూబులైటు కింద ఎర్రటి దుమ్ము, బస్తాల మీద పండుకున్నోళ్ల తల కింద తువ్వాలలు, అన్నీ కుదిరినయి. నెల తిరిగేసరికి ఆ సీనే కథకు అక్కర లేదని తేలింది. అంత కష్టపడి చెక్కిన పేరా కాబట్టి తీసెయ్యబుద్ధి కాలేదు. ఇంకో ప్రతి దాకా దాన్ని మోసిన. దానికి జాగ ఇయ్యడానికి పక్కనున్న రెండు సీన్లు వంకర పోయినయి. అందుకే ముందు సీన్లు, తర్వాత కాలమూ లెక్కలూ, తర్వాత మనుషుల మాటలు, ఆ తర్వాత వాక్యాలు, అన్నింటికన్న చివర అక్షరాలు. గోడ లేవకముందు సున్నం వెయ్యం గదా.

కథను మూడు వారాలు ముట్టకుండ పెట్టినంక కాగితం మీద తీసిన. రెండు వారాలలోపు అయితే రాసినప్పటి ఊహ ఇంకా తలలోనే ఉంటది. కాగితం మీద లేని మాటను కూడ కన్ను చదువుకుంటూ పోతది. ఫోన్లో చదివితే తెరకు పట్టినంత మేరనే చూస్తం, ఏ సీను ఎంత పొడుగైందో తెలియదు. ప్రింటుకు నేను పెట్టుకున్న కొలతలు ఇవి: ఏ4 కాగితం, ఒక్క దిక్కే అచ్చు, అక్షరం 14 పాయింట్లు, వరుసల నడుమ డబుల్ స్పేసు, కుడి దిక్కు రెండు అంగుళాల మార్జిను. తెలుగుకు ఇంతకన్న తక్కువ స్పేసు పనికిరాదు. పైన గుడులు, కింద వత్తులు ఉంటయి కాబట్టి రెండు వరుసల నడుమ పెన్నుకు జాగ మిగలదు. ఈ కొలతతో పేజీకి 180 పదాల దాకా పడుతయి, 3,400 పదాలకు 19 కాగితాలు. పేజీ అంకె మర్చిపోవద్దు. సీన్లను అటూ ఇటూ జరిపేటప్పుడు కాగితాలను నేల మీద పరచాల్సి వస్తది.

మొదటి చదువుకు చేతిలో పెన్ను పెట్టుకోలేదు. పెన్ను ఉంటే మొదటి పేజీలోనే కామాల వెంట పడుతం, పంతొమ్మిదో పేజీ వచ్చేసరికి కథ ఏమిటో మర్చిపోతం. మధ్యలో లేవకుండ చదువుకుంటూ పోయి, మనసు పక్కకు మళ్లిన చోట కాగితం మూల మడత పెట్టిన, అంతే. ఐదు మడతలు వచ్చినయి. అందులో మూడు మొదటి నాలుగు పేజీలలోనే.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద సీన్ల చిట్టా రాసుకున్న. ఒక్కో సీనుకు ఒక్కో వరుస: ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు, ఎన్ని పేజీలు, సీను అయ్యేసరికి ఏం మారింది. ఈ చివరి గడి నింపేటప్పుడే నిజం బయటపడుతది. మొదట్లో ఒకటి అనుకున్న మనిషి చివర ఇంకొకటి అనుకుంటున్నడా? ఎవరి చేతిలోనన్న ఉన్నది పోయిందా, లేనిది వచ్చిందా? ఎవరికన్న కొత్త సంగతి తెలిసిందా? మూడింటికీ లేదు అని జవాబు వస్తే ఆ సీను ఎంత అందంగ ఉన్నా గడి ఖాళీగనే ఉంటది. పదకొండు సీన్లలో మూడు ఖాళీ గడులు. అందులో ఒకటి నేను చెక్కిన రాత్రి యార్డు.

కథ నిజానికి ఐదో పేజీలో మొదలైతున్నదని కూడ చిట్టానే చెప్పింది. మొదటి నాలుగు పేజీలు ఊరు, కళ్లంలో కాయ ఎండబోసుడు, తాలు (పాడైన కాయ) ఏరే కూలీలు, అప్పుల చరిత్ర. రాసేవానికి ఊరు తెలిసేందుకు ఆ పేజీలు కావాలె, చదివేవానికి అక్కర లేదు. చాలా మొదటి ప్రతులకు ఇట్లాంటి ముఖద్వారం ఉంటది. అయితే దాన్ని ఒక్క వేటుకు నరికితే లోపల దాచిన సంగతులు కూడ పోతయి. తీసే ముందు అందులో తర్వాత అక్కరకొచ్చేవి ఏమున్నయో గీత గీసుకున్న. రెండే తేలినయి: విత్తనాలూ మందులూ అమ్మే దుకాణంలో మిత్తికి (వడ్డీకి) తెచ్చిన అప్పు, నిరుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి దెబ్బతిన్న సంగతి. అప్పును దుకాణదారు ఫోన్లో పెట్టిన. నిరుటి సంగతిని భార్య నోట ఒక్క మాటకు దించిన: "నిరుడు గోదాంల వెట్టి ఏం బాగువడ్డం?" ముప్పావు పేజీ పని ఐదు మాటలల్ల అయింది, పైగా ఆమె కోపం కూడ దాంట్లనే వచ్చింది.

తీసిన పేరాలను పారేయలేదు. 'తీసేసినవి' అని వేరే ఫైలు పెట్టుకొని అందులో వేసిన. మళ్లీ తీసుకుందునా అంటే, తీసుకున్నది ఒక్క వాక్యం. కానీ పోలేదు, ఎక్కడో ఉన్నదన్న ధైర్యం ఉంటేనే చెయ్యి కోతకు ఒప్పుకుంటది. ప్రతి ప్రతికీ వేరే ఫైలు, పేరులో అంకె, తారీఖు. పాతదాని మీద కొత్తది సేవ్ చెయ్యొద్దు.

రెండో ప్రతిని పాత ఫైలులో దిద్దలేదు. ఖాళీ ఫైలు తెరిచి, గీతలు గీసిన కాగితాలు పక్కన పెట్టుకొని మొదటి మాట నుంచి మళ్లీ టైపు చేసిన. రోజుకు 500 పదాల లెక్కన ఆరు రోజులు. ఇది చాదస్తం అనిపిస్తది గాని కారణం ఉన్నది. పేరాలను ఎత్తి ఇంకోచోట అతికిస్తే పాత అతుకులు అట్లనే మిగులుతయి. 'ఇంతలో', 'అప్పుడు', 'ఆ మాట విని' అని ఉంటది, విన్న మాటేమో ముందటి ప్రతిలోనే కొట్టేసినం. మళ్లీ రాస్తే ఆ అతుకులు వాటంతటవే ఊడిపోతయి. టైపు చెయ్యడానికి చెయ్యి బద్ధకించిన వాక్యం దగ్గర ఆగి అడుగుకున్న: ఇది లేకుంటే ఏం పోతది? చాలాసార్లు ఏమీ పోలేదు. 3,400 నుంచి 2,800కు వచ్చింది ఈ ప్రతిలోనే. రాత్రి యార్డు పేరాను మాత్రం ఇందులో కూడ విడవలేకపోయిన. మూడో ప్రతిలో గాని తీసెయ్యలేదు. అచ్చయిన పనిని కూడ మళ్లీ మొదటి నుంచి పట్టినవాళ్లున్నరు. గురజాడ 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్ని పన్నెండేండ్ల తర్వాత, 1909లో, దాదాపు కొత్త నాటకంగ పెంచి తిరగరాసి మళ్లీ అచ్చేసిండు. మనం ఈరోజు చదివేది ఆ రెండో రూపమే.

మూడో ప్రతి మొత్తం కాలానికీ లెక్కలకూ. ఇది అన్నింటికన్న ఎక్కువ పని పెట్టింది, ఎందుకంటే ఒక తప్పు లాగితే దాని వెనుక ఇంకోటి కదిలింది.

మొదటి ప్రతిలో యార్డులో ధర పడిపోయిన సాయంత్రం పక్క వాడకెల్లి బతుకమ్మ పాట వినిపిస్తది. పాటకూ రైతు మౌనానికీ బాగ కుదిరిందనుకున్న. కాని బతుకమ్మ మొదలయ్యేది భాద్రపద అమావాస్యకు, అంటే సెప్టెంబర్ చివరో అక్టోబరో. మిర్చి నారు పోసేది జూలై, ఆగస్టులలో. తోటలో నాటేది ఆగస్టు, సెప్టెంబర్‌లలో. పండిన కాయ ఏరుడు డిసెంబర్ చివరకెల్లి మొదలైతది. యార్డు ఎర్రబడేది ఫిబ్రవరి, మార్చిలో. బతుకమ్మ నాటికి కాయ కాదు గదా, మొక్క పూర్తిగ ఎదిగి కూడ ఉండదు. రైతు ఇంట్ల పుట్టిన ఏ పాఠకుడైనా అక్కడ పుస్తకం మూస్తడు.

బతుకమ్మను తీసి మేడారం పోయే బండ్ల రద్దీ పెట్టిన. మాఘ మాసం, మిర్చి వచ్చే కాలం, రోడ్డంత జనం, బంగారమని మొక్కు చెల్లించే బెల్లం దిమ్మెలు. యార్డుకు వచ్చే బస్సు ఆలస్యమైందంటే నమ్మొచ్చు. అయితే సమ్మక్క సారలమ్మ పెద్ద జాతర రెండేండ్లకొకసారి: 2020, 2022, 2024. నా కథ 2023లో జరుగుతున్నది. ఏడాదిని 2024కు జరిపిన. జరపంగనే గుమస్తా చేతిలోని రెండు వేల నోట్లు కథకు పనికిరాకుండ పోయినయి. రిజర్వు బ్యాంకు ఆ నోటును వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది 2023 మే 19న. 2024 ఫిబ్రవరిలో అడ్తి దుకాణంలో ఎవరూ ఆ నోటు ఇయ్యరు, ఇచ్చినా రైతు తీసుకోడు. నాలుగు వేల బయానా ఎనిమిది ఐదు వందల నోట్లయింది. నోట్లు ఎక్కువైనయి కాబట్టి లెక్కపెట్టే సమయం పెరిగింది, ఆ సమయంలో బిడ్డ అడిగే ప్రశ్న ఒకటి ఇముడ్చుకోగలిగిన.

అక్కడితో అయిపోలేదు. భార్య పొద్దుగాల బస్సులో టికెట్ కోసం కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టే సీను ఉన్నది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్లకు టికెట్ పైసలు లేవు. కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తడు. చిల్లర సీను మొత్తం పాతకాలపుదై కూర్చున్నది. తిరగరాసినప్పుడు కొంగుముడిలో చిల్లర జాగలో ఆధార్ కార్డు వచ్చింది. రద్దీలో దాన్ని తీసి చూపెట్టి మళ్లీ భద్రంగ ముడి వేసుకుంటది. ఆ ముడే చివరి సీనులో అమ్మకం డబ్బుకు పనికొచ్చింది. కాలాన్ని సరిచూసుకొనుడు తప్పులు ఏరుడు మాత్రమే అనుకునేటోళ్లకు ఈ సంగతి చెప్పాలె: నిజమైన వివరం పెట్టిన ప్రతిచోట కథకు ఒక కొత్త వస్తువు దొరికింది.

ఇంకో చిన్నది. గుమస్తా రాసుకున్న చిరునామాలో పరకాల వరంగల్ రూరల్ జిల్లా అని ఉన్నది. 2021లో అర్బన్, రూరల్ పేర్లు పోయి హన్మకొండ, వరంగల్ జిల్లాలైనప్పుడు పరకాల హన్మకొండ కిందికి వచ్చింది. దిద్దిన.

ఇక తూకం లెక్క. ఇరవై రెండు బస్తాలు, బస్తాకు 42 కిలోలు వేసుకుంటే 924 కిలోలు, తొమ్మిదింబావు క్వింటాళ్ల లోపు. కథలో నేను పెట్టుకున్న ధర క్వింటాలుకు 13,000 కాబట్టి మొత్తం 1,20,120 రూపాయలు, అడ్తి, హమాలీ కోతలు పోను ఇంకా తక్కువ. మొదటి ప్రతిలో రైతు చేతికి రెండు లక్షల చిల్లర వచ్చింది. కథలో డబ్బు, బరువు, దూరం, గంటలు ఎక్కడ వచ్చినా ఒక కాగితం మీద కూడి చూసుకోవాలె. సాహిత్యం చదివేటోళ్లు లెక్క చెయ్యరని అనుకోవద్దు. ఆ పని చేసేటోళ్లు చదివితే మొదట చేసేది లెక్కనే.

నాలుగో ప్రతి మాటలకు. కంప్యూటర్‌లో ఒక్కో మనిషి సంభాషణలు మాత్రమే ఏరి, వరుసగ ఒకే కాగితం మీద పెట్టి చదివిన. రైతువి ఒక కాగితం, భార్యవి ఒకటి, బిడ్డవి ఒకటి, గుమస్తావి ఒకటి. కథలో కలిసి ఉన్నప్పుడు కనపడని తేడాలు ఇట్ల చదివితే ఒక్కసారే బయటపడుతయి. రైతు రెండో పేజీలో "మొన్ననే అచ్చిండ్లు" అంటడు, ఆరో పేజీలో "వాళ్లు వచ్చిన్రు", తొమ్మిదో పేజీలో ఏకంగ "వచ్చారు". మా దిక్కు ముగ్గురు మనుషులు మాట్లాడే తీరు ఒక్క మనిషి నోట్ల పడ్డది. పట్టీ రాసుకున్న: రైతు, భార్య 'అచ్చిన, అచ్చిండ్లు', హన్మకొండ హాస్టల్లో ఉండే బిడ్డ 'వచ్చిన, వచ్చిన్రు', గుమస్తా రైతుతో 'వచ్చిండ్రు', ఫోన్లో గుంటూరు వ్యాపారితో 'వచ్చారు'. ఈ చివరిది తప్పు కాదు, మనుషులు ఎదుటివాళ్లను బట్టి మాట మారుస్తరు. కాని అది రాసేవాని ఎరుకతోని జరగాలె.

పిలుపులు కూడ ఇట్లనే. బిడ్డకు తండ్రి 'బాపు', తల్లి 'అవ్వ'. ఒక్కచోట 'నాన్న' పడ్డది, ఏడ్చే సీనులో. భావం పొంగే చోట పుస్తకాల మాట చేతికొస్తది, అందుకే ఆ సీన్లను రెండుసార్లు చూడాలె. భార్య భర్తను పేరు పెట్టి పిలవదు, 'ఇగో' అంటది. గుమస్తా వయసులో చిన్నోడు, రైతును 'కాకా' అంటడు. ధర పడిపోయినంక కూడ కాకా అంటేనే ఆ మర్యాద గుచ్చుకుంటది. ముందు నేను అక్కడ 'నువ్వు' అని కరుకుగ రాసిన, అది తేలిపోయింది.

మాండలికాన్ని ఎంత చిక్కగ రాయాలె అన్నదానికి నేను పెట్టుకున్న కొలత: క్రియల చివర్లు, చుట్టరికపు పిలుపులు, పనికి సంబంధించిన మాటలు ఉన్నదున్నట్టు, ఉచ్చారణలో ప్రతి మెలికా అక్షరంలో దించొద్దు. దించితే చిక్కులొస్తయి. 'ళ'ను 'ల'గ పలుకుతం కదా అని "కల్లు ఎర్రగైనయి" అని రాస్తే పాఠకుడు కల్లుకుండ దగ్గరికి పోతడు. 'కండ్లు' అంటే ఏ గొడవా లేదు, మన మాట కూడ అదే. వయసును బట్టి అరువు మాటలు కూడ మారుతయి: రైతు నోట పరేషాన్, జల్ది, తారీఖు, బిడ్డ నోట టెన్షన్, డేట్.

ఐదో ప్రతికి వాక్యాలు. తెలుగు వాక్యానికి తనవైన జబ్బులుంటయి, ఇంగ్లిషు పుస్తకాలు చెప్పే దిద్దుబాటు సూత్రాలలో అవి దొరకవు.

మొదటిది 'చేసి' గొలుసు. "వ్యాపారి బస్తా విప్పి, కాయ తీసి, విరిచి, గింజ చూసి, వాసన పట్టి, గుమస్తా దిక్కు చూసిండు." పని వడివడిగ జరిగే చోట ఇది బాగుంటది, కాబట్టి దీన్ని ఉంచిన. కాని అట్లాంటివి కథలో పదిహేడు వచ్చినయి. మిగిలినవాటిలో మూడు 'చేసి'లు దాటినవాటిని విరిచిన. గొలుసులో అసలు ప్రమాదం కర్త మారుడు. "గేటు తెరిచి లారీలు లోపలికి వచ్చినయి" అంటే లారీలే గేటు తెరిచినట్టయితది. "గేటు తెరవంగనే లారీలు లోపలికొచ్చినయి" అంటే సరిపాయె.

రెండోది నామవాచకం ముందు విశేషణాల బస్తా. "రాత్రి పరకాల నుంచి తెచ్చిన, మంచుకు తేమ పట్టిన బస్తాల మీద తువ్వాల పరుచుకొని పండుకున్న రైతు లేచిండు." రైతు వచ్చేదాక పాఠకుడు అన్నీ చేతిలో పట్టుకొని నిలబడాలె. విప్పి పరిచిన: "రైతు బస్తాల మీదనే పండుకున్నడు. రాత్రి మంచుకు బస్తాలకు తేమ పట్టింది. తెల్లారంగ లేచి మొదలు వాటినే తడిమి చూసిండు." చివరి వాక్యం కొత్తగ పుట్టింది. ముడి విప్పితే లోపల ఇట్లాంటివి దొరుకుతయి.

మూడోది, చాలామంది చూడనిది. మనకు క్రియ వాక్యం చివర ఉంటది కాబట్టి పేరా పొడుగునా ఇండు, ఇండు, ఇండు అని ఒకే మోత మోగుతది. పేజీ మార్జినులో ప్రతి వాక్యం చివరి మాటను మాత్రమే పెన్సిల్‌తో రాసుకుంటూ పోయిన. ఒక పేరాలో వరుసగ ఎనిమిది 'ఇండు'లు. విరగ్గొట్టడానికి క్రియ లేని వాక్యం పనికొస్తది: "ముందట గుమస్తా, వెనుక ఇద్దరు హమాలీలు." ఒక ప్రశ్న, ఒక 'లేదు', నడుమ ఒక సంభాషణ. క్రియను బలవంతంగ ముందుకు లాగుడు మాత్రం వద్దు, అది పాటకు చెల్లుతది గాని కథకు కాదు.

మిగిలినవి కంప్యూటర్ వెతికిపెట్టే పనులు. 'ఒక' 61 చోట్ల ఉన్నది. వెతికేటప్పుడు ముందూ వెనుకా ఖాళీ పెట్టి వెతకాలె, లేకుంటే ఒకటి, ఒకడు, ఒకసారి అన్నీ వస్తయి. 9 మిగిలినయి. 'తన' గురించి: "అతను తన చేతిని తన జేబులో పెట్టి తన ఫోన్ తీసిండు" కాస్త "జేబులకెల్లి ఫోన్ తీసిండు" అయింది. ఎవరి జేబో ఎవరూ అడుగరు. "బస్తాలు తూకం వేయబడ్డయి" అన్నదాన్ని యార్డులో ఎట్లంటరో అట్ల రాసిన: "బస్తాలు కాంటా అయినయి." బాధగా, కోపంగా, నిశ్శబ్దంగా అని భావాన్ని ముందే చెప్పేసేవి 38, వాటిలో 11 ఉంచిన. "బాధగా చూసిండు" పోయి "తాలు కాయ ఒకటి తీసి బొటనవేలితో నలిపిండు" వచ్చింది. దీనికి పదాలు పెరుగుతయి, అయినా పెరగనిచ్చిన.

ఇంత అయినంక కథను ఫోన్‌తో చదివించుకొని విన్న. తెలుగు చదివి వినిపించే సౌకర్యం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉన్నది. మనం గట్టిగ చదివితే తెలియకుండనే తప్పును సరిచేసి పలుకుతం. యంత్రానికి ఆ దయ ఉండదు, రెండుసార్లు పడ్డ మాటను రెండుసార్లు అంటది. దాని పలుకు చప్పగ ఉంటది కాబట్టి లయ కోసం మాత్రం మళ్లీ మనమే చదువుకోవాలె, కాగితం చూస్తూ, పెన్సిల్ పట్టుకొని. ఊపిరి అందని చోట గీత.

ముగ్గురికి ఇచ్చిన. ఒకరు మిర్చి యార్డులో పనిచేసిన మనిషి, ఒకరు కథలు రాసే మనిషి, ఒకరు అనంతపురం దిక్కు చదువరి. ఎట్లున్నదని అడిగితే బాగున్నదంటరు, అది దేనికీ పనికిరాదు. మూడే అడిగిన: ఎక్కడ ఆగినవు, ఏ వాక్యం రెండుసార్లు చదివినవు, ఎక్కడ గబగబ దాటేసినవు. యార్డు మనిషి ఒక్కటే చెప్పిండు గాని అది కథకు ఆయువుపట్టు: కాంటా కాకముందే గుమస్తా తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిచ్చే చీటీ, చేతిలో పెట్టిండు. తూకం లేనిది తక్‌పట్టీలో ఏం రాస్తరు? సీన్ల వరుస మార్చాల్సి వచ్చింది. అనంతపురం చదువరికి 'మిత్తి' తెలియలేదు. పక్కన అర్థం రాయలేదు, తర్వాతి వాక్యానికి ఆ పని అప్పజెప్పిన: "రెండు రూపాయల మిత్తి. నలభై వేలకు నెలనెలా ఎనిమిది వందలు, అసలు మాత్రం అసలు తీరుగనే ఉన్నది." ఇద్దరు ఒకే చోట ఆగితే అక్కడ తప్పకుండ దిద్దిన, ఒక్కరే ఆగితే ఆలోచించి దిద్దిన. ముగ్గురూ చివరి పేరాను దాటేసిన్రు. రైతులు ఎట్ల నలిగిపోతున్నరో నేను వివరించిన పేరా అది. కొట్టేసిన. ఇప్పుడు కథ కొంగుముడి దగ్గర ఆగుతది.

ఆరో ప్రతి అక్షరాలకు. చివరి పేరా నుంచి మొదటి పేరాకు వెనక్కి చదివిన, కథ వెంట కొట్టుకుపోకుండ. తెలుగు స్పెల్ చెకర్ మీద ఆధారపడొద్దు. మనం ఒక్క మాటకు నాలుగు ప్రత్యయాలు తగిలిస్తం, అది సగం మాటలకు ఎర్ర గీత పెడుతది, మాండలికమైతే అన్నింటికీ పెడుతది. నా చేతికి అలవాటైన తప్పులు ఒక చీటీ మీద ఉంటయి: శ-ష, ణ-న, వత్తు పోయిన 'ధ', 'భ'.

యూనికోడ్‌లో టైపు చేసిన కథను పత్రికవాళ్లు 'అను' అనే, యూనికోడ్ కాని పాత తీరు ఫాంటులోకి మార్చుకునేటప్పుడు కొన్ని తప్పులు కొత్తగ పుడుతయి. పొల్లు తర్వాత కంటికి కనిపించకుండ ఉండే విడదీసే అక్షరం అక్కడ రాలిపోతది. కంప్యూటర్‌లో అన్నది 'కంప్యూటర్లో' అయితది, ఎక్స్‌ప్రెస్ అతుక్కుపోయి చదవరాకుండ అయితది. అందుకే ఫైలుతో పాటు అదే కథను పీడీఎఫ్‌లో కూడ పంపుత, మారిన చోట పోల్చుకోవడానికి. ఇదివరకు ఒక పత్రికలో ప్రూఫు నాకు చూపకుండనే నా 'వచ్చిండు'లన్నీ 'వచ్చాడు'లైనయి. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగ జరుపుకుంటున్నం, అయినా అలవాటుపడ్డ చెయ్యి దిద్దేస్తది. ఇప్పుడు కథ పైన రెండు వరుసలు రాస్త: క్రియారూపాలు కావాలని రాసినవి, మార్చవద్దు. కింద నాలుగో ప్రతి నాటి పట్టీని జతచేస్త, ఏ మనిషి ఏ రూపం వాడుతడో. దానితో దిద్దేవాళ్లకు కూడ నిజమైన తప్పు ఏదో, మాట ఏదో తెలుస్తది.

ఎప్పుడు ఆపాలె అన్నదానికి నాకు దొరికిన గుర్తు ఒక్కటే. ఆరో ప్రతిలో "గుమస్తా నవ్విండు" తీసి "గుమస్తా పండ్లు కనపడ్డయి" అని పెట్టిన. మర్నాడు పాతదే నయమనిపించి తిరిగి పెట్టిన. ఐదో ప్రతి కాగితం తీసి చూస్తే అక్కడ కూడ ఇదే మార్పు చేసి కొట్టేసి ఉన్నది. అదే వాక్యం రెండుసార్లు పోయి వచ్చిందంటే ఇంకా దిద్దేది లేదు. ఆ సాయంత్రమే పంపిన.

అచ్చయినంక ఆ పేజీలు కత్తిరించి తెల్ల కాగితానికి అతికించిన. రెండు అచ్చుతప్పులు, విరగాల్సిన చోట విరగని ఒక పేరా, ఇప్పుడు కంటికి ఆనిన ఇంకో 'తన'. నాలుగూ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, ఆరు ప్రతుల కట్టలోనే, అన్నింటికన్న పైన పెట్టిన. సంపుటి వేసేనాడు టైపు చేసేవాళ్లకు ఇయ్యాల్సింది ఆ కాగితమే.